నిమ్మ తొక్కకు ఇవ్వాల్సిన ధర

ఇటలీ చూసి వెళ్లిన మనవాళ్ల ఇళ్లలో షోకేసులోనో, ఫ్రిజ్ పైనో ఒక సీసా తరచుగా కనిపిస్తుంది. ఇటలీ మ్యాపు ఆకారంలోనో, వయొలిన్ ఆకారంలోనో ఉంటుంది. లోపల కళ్లు జిగేల్మనే పసుపు రంగు ద్రవం. మూత ఒక్కసారి తీసి ఉంటారు. తలా ఒక గుక్క తాగి, "అబ్బో, ఇంత తీపా!" అనుకుని మళ్లీ బిగించి ఉంటారు. ఆ తర్వాత ఆ సీసా అలంకారానికే. లిమోంచెల్లో అనే ఈ నిమ్మ మద్యం అంటే ఇంతేలే అన్న అభిప్రాయం కూడా దాంతోపాటే ఇంట్లో స్థిరపడిపోతుంది.

ఆ అభిప్రాయాన్ని నేను ఒప్పుకోను. ఉద్యోగరీత్యా దక్షిణ ఇటలీలోని సలెర్నోలో ఉంటున్నాను. అమాల్ఫీ తీరం మొదలయ్యేది ఈ ఊరి పక్కనుంచే. ఇక్కడి ఇళ్లలో భోజనాలయ్యాక ఫ్రీజర్లోంచి తీసి చిన్న గ్లాసుల్లో పోసే లిమోంచెల్లోకీ, ఎయిర్‌పోర్టు దుకాణంలో దొరికే ఆ సీసాకీ పేరు ఒకటే, మిగతాదంతా వేరు. ఒకటి తాగితే నోట్లో నిమ్మ తోపు వాసన నిలుస్తుంది. రెండోది తాగితే పెదాలకు జిగురు అంటుకుంటుంది.

తేడా ఎక్కడ వస్తోందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. తొక్క ఆల్కహాల్‌లో నలభై రోజులు నానాలంటారు ఒకరు, ఎనభై అంటారు ఇంకొకరు. పాకం వేడిగా పోయాలా, చల్లార్చి పోయాలా అని ఒక గొడవ. కాఫీ ఫిల్టర్లో వడకట్టాలా, పలచటి గుడ్డ చాలా అని మరో గొడవ. ఈ గొడవలన్నీ నాకు ఇష్టమే, వింటూ కూర్చుంటాను. కానీ నా లెక్కలో ఇవన్నీ తర్వాతి సంగతులు. లిమోంచెల్లోలో రుచంతా తొక్కది. తొక్క బాగుండాలంటే చెట్టు బాగుండాలి, చెట్టు నిలవాలంటే అది నిలబడిన కొండ గట్టు కూలకుండా ఉండాలి, గట్టు కూలకుండా ఉండాలంటే దాన్ని కాపాడే రైతుకు డబ్బు ముట్టాలి. మనం సీసా కొన్నా, ఇంట్లో చేసుకున్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఈ కాయ ఎవరిది, వాళ్లకు ఎంత వెళ్లింది అన్నదే.

ముందు తొక్క సంగతి చూద్దాం. ఇక్కడి నిమ్మకాయను స్ఫుసాతో అమాల్ఫితానో అంటారు. రెండు చివర్లా సన్నగా, మధ్యలో లావుగా, ఒక కొసన చిన్న మొనతో ఉంటుంది. లేత పసుపు రంగు. మన నిమ్మకాయతో పోలిస్తే చాలా పెద్దది, ఒక్కో కాయ కనీసం 100 గ్రాములు తూగాలని దీని నిబంధనల్లోనే ఉంది. తొక్క మీద సన్నటి గుంతలు కనిపిస్తాయి. ఒక చిన్న ముక్క చెక్కి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, పసుపు వైపు బయటికి ఉండేలా మడిచి నొక్కితే సన్నటి తుంపర లేస్తుంది. ఎండలో ఆ తుంపర ఒక క్షణం మెరుస్తుంది. వేళ్లకు అంటింది తుడిచినా పోదు, సబ్బుతో కడిగినా కాసేపు వాసన ఉంటుంది. అది రసం కాదు, తొక్కలోని చిన్న చిన్న సంచుల్లో ఉండే నూనె. లిమోంచెల్లో అంటే ఆ నూనెను ఆల్కహాల్‌లోకి దించి, నీళ్లూ చక్కెరా కలిపి తాగడం. రసం ఒక్క చుక్క కూడా అందులోకి పోదు.

ఆ నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్ అనే పదార్థం. కానీ నారింజ తొక్కలో కూడా ఎక్కువగా ఉండేది అదే. మన ముక్కు "ఇది నిమ్మ" అని గుర్తుపట్టేది సిట్రాల్ వల్ల. అది ఉండేది కొద్ది పాళ్లే అయినా పని మొత్తం దానిదే. చెట్టు ఎక్కడ పెరిగింది, కాయ ఎప్పుడు కోశారు, కోసి ఎన్నాళ్లయింది అన్నదాన్ని బట్టి ఈ నూనె మారిపోతుంది. వారాల తరబడి కోల్డ్ స్టోరేజీలో ఉండి, పైన మైనం పూత పూసుకుని వచ్చిన కాయ రసానికి పనికొస్తుంది. లిమోంచెల్లోకి పనికిరాదు. పైగా కోత తర్వాత బూజు పట్టకుండా మందు కొట్టిన కాయల పెట్టె మీద "తొక్క తినకూడదు" అని ఇటలీ దుకాణాల్లో రాసి ఉంటుంది. చాలామంది అది చదవకుండానే కొంటారు. ఆ తొక్కను ఘాటైన ఆల్కహాల్‌లో వేస్తే నూనెతో పాటు ఆ మందు కూడా దిగుతుంది. వేడి నీళ్లతో రుద్ది కడిగితే సరిపోతుందని చెప్పే వీడియోలను నమ్మొద్దని నా మనవి. మందు కొట్టని కాయ వెతకడం తప్ప వేరే దారి లేదు.

సలెర్నో నుంచి మయోరికి ఫెర్రీలో వెళ్తే కొండ వాలు మీద మెట్లు మెట్లుగా నల్లటి వలలు కప్పిన పట్టీలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు అక్కడేదో కట్టడం పని జరుగుతోందనుకుంటారు. అవి నిమ్మ తోటలు. వల కింద పందిరి, పందిరి కింద చెట్లు. మయోరి నుంచి మినోరికి కొండ మీదుగా నిమ్మల దారి అని ఒక పాత నడక దారి ఉంది. కార్ల రోడ్డు రాకముందు ఆ రెండు ఊళ్ల మధ్య జనం తిరిగింది దాని మీదే. దాని మీద నడిస్తే ఈ తోటల లోపలి సంగతి తెలుస్తుంది.

పందిరి వేసేది చెస్ట్‌నట్ కర్రలతో. వెనక ఉన్న లత్తారి కొండల అడవుల్లోంచి ఆ కర్రలు వస్తాయి. నిలువు గుంజల మీద అడ్డంగా కర్రలు పరిచి, విల్లో చెట్టు లేత కొమ్మలను నానబెట్టి వాటితో ముడి వేస్తారు. చెట్టు కొమ్మల్ని ఆ పందిరి మీదకు ఎక్కించి పరుస్తారు. చలికాలంలో గాలి, వడగళ్లు తగలకుండా పైన వల కప్పుతారు. పూర్వం వలల బదులు ఆకుల కొమ్మలు కప్పేవాళ్లు. సొరెంటో వైపు గడ్డి చాపలు వాడేవాళ్లు. కొమ్మలు కత్తిరించాలన్నా, వల బిగించాలన్నా రైతు ఆ సన్నటి కర్రల మీదే నడవాలి. కింద మెట్టు, దాని కింద ఇంకో మెట్టు, అన్నిటి కిందా సముద్రం. ఎగిరే రైతులని వీళ్లకు పేరు. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. అరవై దాటినవాళ్లు ఆ పని చేస్తుంటే కింద నిలబడి చూడటం మాత్రం టెన్షన్‌గానే ఉంటుంది.

కోసిన కాయ కిందికి రావడం ఇంకో కష్టం. ట్రాక్టర్ ఎక్కే దారి లేదు. కొన్నిచోట్ల పట్టా మీద నడిచే చిన్న బండ్లు పెట్టుకున్నారు, కొన్నిచోట్ల కంచర గాడిదలు, మిగతా చోట్ల మనిషి భుజమే. పాత రోజుల్లో ఈ పని ఆడవాళ్లది. పెద్ద పెద్ద బుట్టలు భుజాన వేసుకుని వందల మెట్లు దిగి రేవు దాకా మోసేవాళ్లు. చీమల్లా బారులు తీరి దిగేవాళ్లని వాళ్లను ఫోర్మికెల్లే, అంటే చిన్న చీమలని పిలిచేవాళ్లు. ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ఇది నడిచింది. వాళ్లు తొక్కిన మెట్ల మీదే ఇప్పుడు టూరిస్టులు సెల్ఫీలు దిగుతున్నారు.

మెట్ల గట్లు సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. వాన నీరు రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది, మట్టి ఆగుతుంది. ఏటా ఎక్కడో ఒకచోట గట్టు ఉబ్బుతుంది. వెంటనే విప్పి మళ్లీ పేర్చాలి. పేర్చకపోతే తర్వాతి వానకు అది పడుతుంది, కింది గట్టును కూడా పడేస్తుంది. ఈ కొండల మీద నీరు ఏం చేయగలదో 1954 అక్టోబరులో అందరూ చూశారు. ఒక్క రాత్రి కురిసిన వానకు సలెర్నో, వియెత్రి, మయోరి, మినోరి ప్రాంతంలో 300 మందికి పైగా చనిపోయారు. మయోరిలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రాత్రి గురించి మాట్లాడతారు. అమాల్ఫీ తీరాన్ని 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ అందంలో సగం ఈ గట్లదే. కానీ గట్టు పేర్చే పనికి పిల్లలు రావడం లేదు. అదే ఇంటిని టూరిస్టులకు అద్దెకిస్తే వచ్చే డబ్బు నిమ్మకాయల మీద రాదు. వదిలేసిన పందిళ్లు దారి పొడవునా కనిపిస్తాయి. కర్రలు కుళ్లి వంగిపోయి, ముళ్ల తీగలు పైకి పాకి ఉంటాయి.

అందుకే ఈ కాయ ఖరీదు. స్పెయిన్ నుంచో అర్జెంటీనా నుంచో ఓడలో వచ్చిన కాయ పక్కన పెడితే ధర చూసి ఎవరైనా ఆగిపోతారు. నేను ఆగొద్దంటాను. లీటరు లిమోంచెల్లోకి కావాల్సింది నాలుగైదు కాయల తొక్క. ధరలో ఎంత తేడా ఉన్నా ఒక సీసా మీద పడే భారం బజార్లో ఒక కాఫీ ఖర్చును పెద్దగా దాటదు. ఆ కాస్త డబ్బు వల్ల గ్లాసులో వచ్చే తేడా మాత్రం చాలా పెద్దది. అలంకారం సీసాకు మూడింతలు పెట్టి, లోపలి సరుకు దగ్గర మిగుల్చుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అమాల్ఫీ కాయ ఒక్కటే కాయ అనడం లేదు నేను. ఇటలీలో నిమ్మ ఎక్కువగా పండేది సిసిలీలో. అక్కడి సిరాకుజా నిమ్మ తొక్కతో చేసిన లిమోంచెల్లో తాగాను, చాలా బాగుంది. సొరెంటో కాయకు 2000లో, అమాల్ఫీ కాయకు 2001లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ రెండు ఊళ్లవాళ్లూ, కాప్రీ దీవివాళ్లూ ఈ పానీయం మాదంటే మాదని ఇప్పటికీ వాదించుకుంటారు. కాప్రీలో మస్సిమో కనాలె అనే వ్యాపారి 1988లో ఈ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించారు. ఆ వాదనలో ఎవరి పక్షమూ తీసుకోను. మీరుండే చోటికి దగ్గర్లో మందు కొట్టకుండా పండించిన, కోసి రెండు మూడు రోజులకు మించని పసుపు నిమ్మ దొరికితే అదే మంచిది. పండించినవాళ్లు ఎవరో తెలిస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు చేయడం.

కాయల్ని గోరువెచ్చని నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చాకు వద్దు, బంగాళదుంప చెక్కు తీసే పీలర్ కావాలి, అది కూడా పదునుగా ఉండాలి. చేతిని బరువుగా నొక్కకుండా లాగితే పసుపు పొర మాత్రమే పలచగా వస్తుంది. వెనక్కి తిప్పి చూస్తే సన్నటి చుక్కలు కనిపించాలి. తెల్లగా మందంగా కనిపిస్తే లోపలి పొర కూడా వచ్చిందన్నమాట. చేదంతా ఆ తెల్ల పొరలోనే ఉంది. అలా వచ్చిన ముక్కను పలక మీద పరిచి, చాకు పడుకోబెట్టి తెలుపు గీకేయాలి. ఓపికగా చేయాల్సిన పని ఈ మొత్తంలో ఇదొక్కటే. రేడియో పెట్టుకుని కూర్చుంటే అయిపోతుంది. ఇల్లంతా వాసనతో నిండిపోతుంది.

ఆల్కహాల్ ఎంత ఘాటైనదైతే అంత మంచిది. ఇటలీలో 95, 96 శాతం ఆల్కహాల్‌ను లిక్యూర్ల కోసమే, అంటే ఇలాంటి తీపి మద్యాల కోసమే, సూపర్ మార్కెట్లలో మామూలుగా అమ్ముతారు. నూనె నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. నీళ్ల పాలు ఎంత తక్కువైతే నూనె అంత త్వరగా దిగుతుంది. ఒక హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాల్లో చెప్పాలి. అదే సూపర్ మార్కెట్లో ఇల్లు శుభ్రం చేసుకునే ఆల్కహాల్ కూడా ఉంటుంది, గులాబీ రంగులో. అది విషం. రంగు చూసి, లేబుల్ చదివి కొనండి. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలకు ఇటాలియన్ ఇంకా రాదు కాబట్టి ఈ మాట వాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను.

లీటరు ఆల్కహాల్‌కి పది పన్నెండు పెద్ద కాయల తొక్క వేస్తాను. గాజు జాడీ, గట్టి మూత, ఎండ తగలని అలమర. పొయ్యికి దూరంగా, ఎందుకంటే ఈ ఆల్కహాల్ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. రోజుకోసారి జాడీని అటూ ఇటూ తిప్పితే చాలు.

ఎన్నాళ్లు? మా కింది ఇంట్లో ఉండే సిన్యోరా నలభై రోజులంటారు. "మా అమ్మ అలాగే చేసేది, వాళ్ల అమ్మా అలాగే చేసేది" అన్నది ఆవిడ వాదన. ఆవిడంటే నాకు చాలా గౌరవం, తొక్క తీయడం నేర్పింది ఆవిడే. ఈ విషయంలో మాత్రం ఇద్దరికీ కుదరదు. నా వాదన తొక్కనే అడగమని. రెండో రోజుకే ఆల్కహాల్ పచ్చి పసుపు రంగుకు తిరుగుతుంది. వారం తిరిగేసరికి తొక్క పాలిపోయి దాదాపు తెల్లబడుతుంది. ఒక ముక్క బయటికి తీసి రెండు వేళ్ల మధ్య వంచితే అప్పడంలా టప్పున విరుగుతుంది. వాసన చూస్తే దాంట్లో నిమ్మ మిగలదు. ఇచ్చేదంతా ఇచ్చేసింది. అక్కడి నుంచి ఇంకో నెల ఉంచితే నిమ్మ పెరగదు, మిగిలిన తెల్ల పొర లోంచి చేదు దిగే అవకాశమే పెరుగుతుంది. ఒకే పెట్టెలోని కాయలతో రెండు జాడీలు పెట్టి, ఒకటి వారానికీ ఒకటి నలభై రోజులకూ వడకట్టి సిన్యోరా ఇంట్లోనే అందరికీ పోశాం. ఏది ఏదో ఎవరూ కచ్చితంగా తేల్చలేకపోయారు. ఆవిడ ఇప్పటికీ నలభై రోజులే ఉంచుతారు. ఈస్టర్‌కు ముందు జాడీ పెట్టడం, లెక్క పెట్టుకోవడం వాళ్ల ఇంటి పద్ధతి. దాన్ని మార్చమని అడిగే హక్కు నాకు లేదు. కానీ నలభై రోజులు ఉంచలేమని మొదలుపెట్టకుండా ఆగిపోయేవాళ్లకు మాత్రం చెబుతున్నాను, వారం పది రోజులు చాలు.

అసలు ఎదురుచూపు తర్వాతిది. నీళ్లూ చక్కెరా కలిపాక కనీసం నెల రోజులు ముట్టుకోకూడదు. కలిపిన రోజు తాగితే ముక్కులోకి ఘాటు కొడుతుంది. నెల తర్వాత ఆ ఘాటు అణిగి, నిమ్మ ముందుకు వస్తుంది. చాలామంది ఓపికంతా ముందే ఖర్చు పెట్టేసి ఇక్కడ తొందరపడతారు.

చక్కెర దగ్గర నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. లిక్యూర్ అని పేరు పెట్టి అమ్మాలంటే లీటరుకు కనీసం 100 గ్రాముల చక్కెర, కనీసం 15 శాతం ఆల్కహాల్ ఉండాలని ఐరోపా సమాఖ్య నియమం. అది కింది గీత. చాలా ఇళ్లలో లీటరు ఆల్కహాల్‌కి 700 గ్రాముల నుంచి కిలో దాకా చక్కెర వేస్తారు. లీటరు నీళ్లతో కిలో చక్కెర వేస్తే తయారైన పానీయంలో లీటరుకు 350 గ్రాములు దాటుతుంది. అంత తీపి కింద ఏ కాయ వేశారో నాలుకకు తెలియదు. చేదు దిగినా తెలియదు, పాత కాయ వేసినా తెలియదు. చక్కెర చవక, తొక్క ఖరీదు. అమ్మేవాడు ఎటు మొగ్గుతాడో ఊహించుకోవచ్చు. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఆ అవసరం లేదు కదా! నేను లీటరు ఆల్కహాల్‌కి లీటరున్నర పైచిలుకు నీళ్లు, అర కిలో చక్కెర వేస్తాను. 33 శాతం దగ్గర ఆల్కహాల్, లీటరుకు సుమారు 175 గ్రాముల తీపి వస్తుంది. ఇక్కడివాళ్లు కొందరు "కాస్త ఘాటుగా ఉంది" అంటారు, అయినా రెండోసారి గ్లాసు చాపుతారు.

నీళ్లలో చక్కెర కరిగే దాకా వేడి చేస్తే చాలు, పాకం పట్టక్కర్లేదు. పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి నీళ్లు ఈ ఆల్కహాల్‌లో పోస్తే ఆవిరి లేస్తుంది, పక్కనే పొయ్యి వెలుగుతుంటే ప్రమాదం. పొయ్యి ఆర్పేసి, వడకట్టిన ఆల్కహాల్‌లోకి సన్నటి ధారగా పోస్తూ గాజు వైపే చూడండి. అప్పటిదాకా అద్దంలా తేటగా ఉన్న ద్రవం ఒక్కసారిగా మబ్బు పడుతుంది. అవతలి వైపు పెట్టిన చెంచా కనిపించడం మానేస్తుంది. ఆల్కహాల్ పలచబడేసరికి నూనె దాంట్లో ఇక కరిగి ఉండలేక అతి సన్నటి బిందువులుగా విడిపోతుంది. వింతేమిటంటే ఆ బిందువులు పైకి తేలవు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో శాస్త్రవేత్తలు న్యూట్రాన్ కిరణాలతో లిమోంచెల్లోని పరీక్షించి 2018లో వివరాలు ప్రచురించారు. బిందువులు ఒక మిల్లీమీటరులో పదివేల వంతు స్థాయిలో ఉంటాయని, నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచే ఎమల్సిఫైయర్ ఏమీ వేయకుండానే నిలకడగా ఉంటాయని తేల్చారు. మబ్బు చూసి పాడైందనుకుని మళ్లీ మళ్లీ వడకట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఆ మబ్బే మీరు డబ్బు పెట్టి కొన్న తొక్క. నీళ్లు మరీ ఎక్కువైతే మాత్రం కొన్నాళ్లకు సీసా మెడ దగ్గర నూనె ఉంగరంలా చేరుతుంది.

జాడీలో పసుపు తొక్కలు చూసి అమ్మ వీడియో కాల్‌లో "ఏం ఊరగాయ పెట్టావు?" అని అడిగింది. సంగతి చెప్పగానే గొంతు మారింది. "ఇంట్లో మందు కాస్తున్నావా? రేపు పేపర్లో పడేలా ఉన్నావు!" ఆ భయం నాకు అర్థమవుతుంది. కల్తీ సారా వార్తలు మన ఊళ్లలో అందరూ విన్నవే. ఇటలీకి కూడా అలాంటి గాయం ఉంది, 1986లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిపిన వైన్ తాగి 20 మందికి పైగా చనిపోయారు. అమ్మకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఇందులో కాయడం లేదు, పులియబెట్టడం లేదు. ఫ్యాక్టరీలో శుద్ధి చేసి, పన్ను కట్టి, తాగడానికని అమ్మే ఆల్కహాల్‌లో తొక్క నానబెట్టడమే. మిథనాల్ కొత్తగా పుట్టే దారి లేదు. ఇంట్లో సారా కాయడం ఇటలీలో కూడా నేరమే, ఇది అది కాదు. అయితే ఇది 30 శాతం దాటిన మద్యం అన్న సంగతి మర్చిపోకూడదు. చల్లగా, తియ్యగా ఉంటుంది కాబట్టి తెలియకుండా దిగిపోతుంది. చిన్న గ్లాసు ఒకటి, ఇష్టమైతే ఇంకొకటి, అక్కడితో సరి.

హైదరాబాద్ నుంచి స్నేహితులు అడిగేది ఒకటే. "మన వోడ్కా, మన నిమ్మకాయలతో చేయొచ్చా?" చేయొచ్చు, కానీ నేను చేయమనను. ఇండియాలో అమ్మే వోడ్కా 42.8 శాతం. సగానికి పైగా నీళ్లే కాబట్టి నూనె మందకొడిగా, కొద్దిగానే దిగుతుంది. తర్వాత పాకం కలపడానికి కూడా చోటు ఉండదు. గూడూరు నిమ్మకాయ రసానికి సాటి లేదు, ఇక్కడి కాయ పులుపులో దాని దగ్గరకు రాదు. కానీ దాని తొక్క పలచన, తెల్ల పొరను అంటిపెట్టుకుని ఉంటుంది. పీలర్ పెడితే రెండూ కలిసే వస్తాయి, వాసన కూడా వేరు. ఆ తొక్కకు మనవాళ్లు ఎప్పుడో సరైన దారి కనిపెట్టారు. ఉప్పు వేసి, ఎండ చూపించి, నెలలు ఊరబెడితే ఆ చేదే రుచిగా మారుతుంది. అంత మంచి కాయను తెచ్చి తనది కాని పనికి పెట్టడం ఎందుకు? ఇంకొందరు ల్యాబుల్లో వాడే స్పిరిట్ గురించి అడుగుతారు. వద్దంటే వద్దు. ప్రాణం మీదకు వస్తుంది. జర్మనీ, పోలండ్‌లలో ఉన్న మనవాళ్లకు మాత్రం 95, 96 శాతం తాగే ఆల్కహాల్ దుకాణాల్లో దొరుకుతుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో దొరుకుతుంది, కొన్నింట్లో అమ్మరు.

తొక్క తీసిన కాయలు మిగులుతాయి. ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగు రోజుల్లో ఎండిపోతాయి కాబట్టి అదే రోజు పిండి, ఐస్ ట్రేలలో గడ్డ కట్టించి పెట్టుకుంటాను. స్ఫుసాతో రసంలో కాస్త తీపి ఉంటుంది. పులిహోరకు మన కాయల లెక్కతో పిండితే చప్పగా వస్తుంది, ఇంచుమించు రెట్టింపు పడుతుంది. సిన్యోరా వాళ్లు ఆ రసంతో గ్రనీతా అనే ఐస్ పదార్థం చేస్తారు, కాయను పల్చగా చక్రాలు కోసి ఉప్పు, పుదీనా, ఆలివ్ నూనె వేసి సలాడ్‌లా తింటారు. తొక్క తీసేసిన కాయ మీద తెల్ల పొర అలాగే ఉంటుంది, దాంతో సహా. మొదట విచిత్రంగా అనిపించింది, ఇప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలకు అదే కావాలనిపిస్తుంది.

సీసాను ఫ్రీజర్లో పెట్టండి, ఈ పాళ్లలో కలిపితే గడ్డ కట్టదు, చిక్కబడుతుంది. ఎండ తగిలే షోకేసులో పెడితే రంగు వెలిసిపోతుంది. అసలైన దాని రంగు ఎటూ లేత పసుపే, కొంచెం పచ్చ ఛాయతో.

ఇటు వచ్చి కొనుక్కుందామనుకునేవాళ్లు సీసా వెనక చదవండి. లిమోంచెల్లో అనే పేరు ఏ ఊరికీ కట్టుబడి లేదు, ఎక్కడి కాయతోనైనా ఎవరైనా చేయొచ్చు. నిమ్మ తొక్కల ఇన్ఫూజో (అంటే నానబెట్టి తీసింది) అని, పక్కన ఐజీపీ (పైన చెప్పిన భౌగోళిక గుర్తింపు) నిమ్మ అని రాసి ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. రంగు కలిపారని ఉంటే పక్కన పెట్టేయండి. ఇంకా మంచిది, మయోరిలోనో మినోరిలోనో తోట ఉన్న రైతు దగ్గరే కాయలు కొనడం. మార్చి నుంచి జూలై దాకా కాయ బాగుంటుంది. ముందురోజు చెబితే పొద్దున్నే కోసి ఉంచుతారు. ధర కిలోకు ఇంత అని చెప్పాక బేరం ఆడకండి, వీలైతే ఆ మెట్లు ఒకసారి ఎక్కి చూసి డబ్బులివ్వండి. పెట్టెలో ఆకులతో సహా ఇస్తారు. ఆకు పచ్చగా, బిరుసుగా ఉంటే కాయ ఆ రోజు కోసిందే.